ఆరాధనకు ఆలస్యంగానే వెళ్లండి

ఈ ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా వెళ్లండి. హైదరాబాదు మోతీనగర్‌లో మీ అపార్ట్‌మెంట్ మెట్లు దిగుతుంటే, నీళ్ల ట్యాంకర్ డబ్బుల దగ్గర మాటామాటా అనుకుని అప్పట్నుంచీ ముఖం చాటేస్తున్న కింది ఫ్లాటాయన ఎదురయ్యాడనుకోండి. బైబిలు చంకలో పెట్టుకుని పక్కకు తప్పుకోకండి. ఆగండి. తప్పు ఎవరిదైనా ముందు మాట మీదే కానివ్వండి. మొదటి రెండు పాటలు పోతే పోనీ. బలిపీఠం దాకా వచ్చాక కూడా, సహోదరునికి మన మీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. మత్తయి ఐదో అధ్యాయంలోని ఆ సంగతి మనకు కంఠతా వచ్చు. కానుక సంచి తన వరుసకు వస్తుండగా లేచి బయటికి నడిచిన మనిషిని మాత్రం మనం చూడలేదు.

ఆ కానుక కూడా ఈసారి తగ్గించండి. కవరులో నోటు పెట్టేముందు, మీ ఇంట్లో అంట్లు తోమే ఆమెకు జీతం ఇచ్చేశారా? ఆమె బోరబండ నుంచి నడిచొస్తుంది. తారీఖు పది దాటుతోంది. కూలివాడి కూలి పొద్దుగూకేలోపు చేతిలో పెట్టాలని మోషే ధర్మశాస్త్రం చెబుతోంది. ముందు ఆమెది ఇచ్చేయండి, మిగిలినదానిలోంచి కానుక వేయండి. దేవుడు మనకు కృపను ఊరికే ఇచ్చాడని నమ్ముతూ, తోటిమనిషికి న్యాయంగా రావాల్సింది బిగబట్టుకోవడం ఏ లెక్కన చూసినా కుదరదు.

సాక్ష్యం చెప్పే వంతు వస్తే ఇల్లు కొన్న సంగతీ, అమ్మాయికి అమెరికా వీసా వచ్చిన సంగతీ చెప్పకండి. దేవునికి వందనాలు ఇంట్లో చెల్లించుకోవచ్చు. వెనక వరుసలో, కొడుకు తాగుడు మానాలని ఏళ్ల తరబడి అదే ప్రార్థన చేస్తున్న తల్లి కూర్చుని ఉంటుంది. మీ వీసా కథ ఆమె చెవిలో పడేసరికి, తన విశ్వాసంలోనే ఏదో లోపం ఉందన్న మాటగా మారిపోతుంది. జవాబు రాని ప్రార్థన గురించి చెప్పండి. అయినా ఎలా నిలబడ్డారో చెప్పండి.

ఎవరైనా "ప్రార్థన చేయండి అక్కా" అంటే వెంటనే కళ్లు మూసుకోకండి. ఏ ఆసుపత్రి, ఏ వార్డు, రాత్రి దగ్గర ఎవరుంటున్నారు అని అడగండి. మనకు కూతవేటు దూరంలోనే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉంది. టీబీకి మామూలుగా ఆరు నెలలు మందు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒంట్లో బాగుందనిపిస్తుంది. చాలామంది మాత్రలు మానేసేది అక్కడే. జబ్బు మొండికేసేదీ అక్కడే. సంఘంలో ఒకరు రోజూ ఆ ఇంటికి వెళ్లి, మాత్ర వేసుకునేదాకా కూర్చుని, నాలుగు గుడ్లు ఇచ్చి వస్తే అంతకన్నా పెద్ద స్వస్థత కూడిక ఇంకొకటి లేదు. ఎర్రగడ్డలోనే మానసిక చికిత్సాలయమూ ఉంది. మనసు చెదిరిన పిల్లను దయ్యం పట్టిందని ఉపవాస కూడికలన్నీ తిప్పి, డాక్టరు రాసిన మందులు ఆపించకండి. ఈ ఒక్క విషయంలో నాకు కోపం వస్తుంది. సువార్త రాసిన లూకా వైద్యుడే.

మైకు సౌండు తగ్గించండి. రాత్రి పది దాటాక పూర్తిగా కట్టేయండి. చట్టం ఎలాగూ అదే చెబుతోంది, పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్లాడికీ అదే కావాలి.

సాయం పొందినవాళ్ల పేర్లు సంఘం పుస్తకంలో ఎక్కించకండి. ఆత్మల సంపాదన మీద ఆసక్తి లేనివాళ్ల మాటలా తోస్తుందేమో. ఒంగోలు కథ గుర్తు చేసుకోండి. 1876-78 నాటి మహా కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి పని, కూలి చూపించాడు. బోధకులు వాళ్ల మధ్యే ఉండి వాక్యం చెప్పారు. జనం బాప్తిస్మం ఇమ్మని అడుగుతూనే ఉన్నారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న నింద ఆ పేదల మీద పడకూడదనుకున్నాడు. సాయం నిధులు ఆగిపోయి, ఇక ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదని తేలాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులే. మనవాళ్లు ఆ అంకెను సభల్లో గర్వంగా చెప్పుకుంటారు. నేను పిల్లలకు చెప్పేటప్పుడు దానికి ముందున్న సున్నా దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఆదివారం రానివాళ్ల హాజరు తీయకండి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, బోరబండ గదుల్లో ఉండే జూనియర్ ఆర్టిస్టులకూ లైట్‌మెన్‌కూ తెల్లవారకముందే షూటింగ్ బండి వస్తుంది. ఆ బండి ఆదివారమని ఆగదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాన్లు అమ్మేవాళ్లకు వారం మొత్తానికి అదే బేరం. అలాంటివాళ్లను విశ్వాసంలో చల్లారిపోయారని ప్రసంగంలో దెప్పడం అన్యాయం. 1978లో వచ్చిన 'కరుణామయుడు' సినిమాను ఊరి మధ్య తెర కట్టి చూపిస్తే యేసు కథ తెలుసుకున్న పల్లెలు ఎన్నో ఉన్నాయి. అది కూడా ఇలా ప్యాకప్ దాకా నిలబడి పనిచేసినవాళ్ల చెమటే. వారంలో ఒక రాత్రి, వాళ్లకు వీలైన వేళకు, వాళ్ల గదిలోనే కూడిక పెట్టండి. భోజనం మీరే తీసుకెళ్లండి.

భోజనమంటే గుర్తొచ్చింది. క్రిస్మస్ విందులో పెద్దవాళ్లకు వేరే బల్ల వేయకండి. సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ గారు హైదరాబాదు గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోనులో ఆరాధన అయ్యాక ప్రేమవిందు పెట్టేవారు. ఆఫీసరూ, రిక్షా తొక్కే మనిషీ నేల మీద చాపలపై పక్కపక్కన కూర్చుని తినేవారు. కులం అడిగి వడ్డించే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ అన్నం ఏ ప్రసంగమూ చెప్పలేనిది చెప్పింది.

మరి పెళ్లిళ్లు? సంబంధాల ప్రకటనలో మొదట 'విశ్వాసి అయిన వరుడు కావలెను' అని రాస్తాం, రెండో లైనులో కులం పెడతాం. ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలు పంచుకున్నవాళ్లం, పెళ్లి దగ్గర విడిపోతున్నాం. ఆ రెండో లైను కొట్టేయండి. ఇంట్లో పెద్దమ్మలు, మేనమామలు గొడవ చేస్తారు, కొందరు పెళ్లికి రామంటారు. వాళ్ల మీద అలగకండి, వాళ్లను విడిచిపెట్టకండి, శుభలేఖ పట్టుకుని ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్లండి. లైను మాత్రం మళ్లీ రాయకండి.