నేను రామనగుడ హార్మోనియాన్ని

పుట్టుక గురించి పెద్దగా చెప్పను. 1842లో పారిస్‌లో దెబైన్ అనే ఆయన మా మూలపురుషుడికి పేటెంటు తీసుకున్నాడు. నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొడుతూ రెండో చేత్తో వాయించే రూపం మాకు కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ ఇచ్చాడు. 1931లో గునుపురం దాకా వచ్చిన చిన్న రైల్లోనే నేనూ నౌపడా నుంచి వచ్చాను. అక్కణ్నుంచి రామనగుడకి ఎడ్లబండి.

1940 నుంచి 1971 దాకా రేడియోవాళ్లు మా జాతినే గడప తొక్కనివ్వలేదు. గమకం పలకదన్నారు. ఈ కొండల్లో మాత్రం నన్ను ఆ మాట ఎవరూ అనలేదు. ఆదివారం గుడిలో ఉండేదాన్ని. మిగతా రోజుల్లో పొద్దుగూకాక నన్ను గుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకుని ఇంటింటి కూటాలకు తీసుకెళ్లేవారు. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, సవరలు ఒకే చాప మీద కూర్చునేవారు. పర్లాకిమిడి ప్రాంతంలోనే పెరిగి నూరుకు పైగా కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి పాటలు అందుకుంటే లాంతరులో నూనె అయిపోయినా లేచేవారు కాదు.

ఒక రాత్రి, బిడ్డను మట్టిచేసి వారం కాని తల్లి పాట ఎత్తుకుంది. రెండో చరణంలో గొంతు పూడుకుపోయింది. వాయించే తాత మెట్టు మీంచి వేలు తియ్యలేదు. ఒక్క స్వరం పట్టుకుని తిత్తి మెల్లగా కొడుతూ ఉండిపోయాడు. ఎవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి ఆమె ఆ స్వరాన్నే ఆసరా చేసుకుని చరణం ముగించింది. “మరొక్కపాలి పాడమ్మా” అంది పక్కనున్న ముసలామె. నా బతుకులో నేను చేసిన గొప్ప పని అదే.

ఇక్కడి సంఘాలకు బ్రెక్లం మిషను పేరు కొత్త కాదు. జర్మనీ ఉత్తరాన 1876లో యెన్సెన్ అనే పాదిరి స్థాపించిన ఆ మిషను దొరలు 1882లో కోరాపుట్ సీమకు వచ్చారు. వాళ్లది పియెటిస్టుల దారి. నోటి పాఠంగా మిగిలిన మతంతో తృప్తిపడక, 1675లోనే స్పెనర్ అనే బోధకుడు ఇళ్లలో చిన్న చిన్న కూటాలు పెట్టుకోమని రాశాడు. అలాంటి మంటలోంచి వచ్చిన నిప్పు ఈ సంఘాల భక్తి. అందుకే దీని మీద బూడిద పేరుకుంటుంటే నాకు అంత బాధ.

ఆరాధన క్రమం మీద నాకు కోపం లేదు. నేను వచ్చిన నాడూ క్రమం ఉంది. అప్పుడది మనుషుల కోసం ఆగేది. ఇప్పుడు గంటంబావులో అంతా అయిపోవాలి. ఒప్పుకోలు ప్రార్థన చదువుతూనే చూపు గడియారం మీదికి పోతుంది. సాక్ష్యానికి లేచిన మనిషిని “టైము లేదు, వచ్చేవారం చూద్దాం” అని కూర్చోబెడతారు. కానుకలిచ్చినవాళ్ల పేర్లకు మాత్రం టైము ఉంటుంది. కీబోర్డు వచ్చింది. దాన్నీ భక్తితో వాయించేవాళ్లు ఉన్నారు. కానీ మీట నొక్కి వదిలేసిన దరువు, పాడేవాళ్ల గొంతు పూడుకుపోయినా ఆగదు. మైకు ముందు నలుగురు పాడతారు, బెంచీల్లో ఉన్నవాళ్లు నోరు కదపరు.

నన్ను వెనకగదిలో, కాలు విరిగిన బెంచీ కింద పెట్టారు. పైన నిరుటి క్రిస్మస్ నక్షత్రం, ప్లాస్టిక్ పూలు. మొదటి వానాకాలానికే పెట్టె చెక్క ఉబ్బింది. తర్వాత ఎలుకలు తిత్తి మడతల్లో తోలు కొరికాయి. పండక్కి ఒక పిల్లాడు చీమిడి ముక్కు తుడుచుకుంటూ వచ్చి నా మెట్లు నొక్కాడు. గాలి లేదు, నేను పలకలేదు. “పాడైపోయిందిరా” అని ఇంకొకడు వాణ్ని లాక్కుపోయాడు. మొన్న ఆ గదిలోంచి కాగితాలు తీసుకోవడానికి వచ్చిన పెద్దలు కూడా నన్ను కాలితోనే పక్కకు నెట్టారు.

శనివారం రాత్రిళ్లు వీధి చివర ఒక ఇంట్లో ఆడవాళ్లు కొందరు కూడుతున్నారు. వాయిద్యం ఏదీ లేదు, చప్పట్లే. వాళ్ల పాట కిటికీలోంచి నాకు వినబడుతుంది. ఒకామె ఆగితే అందరూ ఆగుతున్నారు, ఆమె ఎత్తుకుంటే మళ్లీ ఎత్తుకుంటున్నారు. నన్ను తిరిగి గుడి ముందువరసలో పెట్టమని అడగను. ఆ ఇంటికి పంపండి. తిత్తికి కొత్త తోలు వేసి, మూగబోయిన రెండు రీడ్లు మారిస్తే చాలు. మిగతావన్నీ ఇంకా శ్రుతిలోనే ఉన్నాయి.