ఇన్వర్టర్ ఉన్న మారాజు

నాకు తెలివి లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఉంది. కాకపోతే కరెంటు ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఈ సంగతి 2014 అక్టోబరు 12న, ఆదివారం పూట, విశాఖపట్నంలో బహిరంగంగా రుజువైంది.

అంతకు సరిగ్గా ఏడాది ముందు, అదే అక్టోబరు 12న, ఫైలిన్ తుఫాను మనల్ని వదిలేసి ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. దాంతో నాకు వాతావరణ శాస్త్రం పూర్తిగా వచ్చేసింది. "విశాఖకి తుఫానేంటండీ! అటు డాల్ఫిన్స్ నోస్, ఇటు కైలాసగిరి. కొండల్ని చూసి గాలే దారి మళ్లుతుంది" అని ఆఫీసులో దొరికినవాడికల్లా ఉపన్యాసం. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటుతుందని వాతావరణ శాఖవాళ్లు రోజుల ముందు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. వాళ్ల దగ్గర ఉపగ్రహాలుంటే నా దగ్గర నమ్మకం ఉంది. ఈ జబ్బు నా ఒక్కడిదే అనుకోకండి. టీవీలో తుఫాను గీత ఒడిశా వైపు రవ్వంత వంగగానే 'హమ్మయ్య' అని దుప్పటి కప్పుకోనివాడు మన తీరంలో ఉంటే చూపించండి, కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంటాను.

నా ధీమాకి ఇంకో కారణం ఇన్వర్టర్. మా అపార్ట్‌మెంట్‌లో మొదట కొన్నది నేనే. కరెంటు పోయిన రాత్రి వీధంతా చీకట్లో ఉండి మా కిటికీ ఒక్కటే వెలుగుతుంటే, బాల్కనీలోకి వెళ్లి అనవసరంగా దగ్గేవాణ్ని, నలుగురూ తలెత్తి చూడాలని. శనివారం సాయంత్రం కింది వాటాలో ఉండే మామ్మగారు బిందెలూ గంగాళాలూ గుమ్మం దాకా నింపి పెట్టుకుంటూ, మెట్ల దగ్గర నన్ను ఆపారు. "ఏటి బాబూ, నీళ్లు పట్టుకున్నారా? రేపు కరెంటుండదట."

"మాకు ఇన్వర్టర్ ఉంది కదా మామ్మగారూ" అన్నాను, జాలిగా.

"అది తాగుతావేటి?" అన్నారావిడ.

నేను నవ్వాను. ఆ నవ్వుకి తర్వాత వడ్డీతో సహా కట్టాను.

ఆదివారం పొద్దున కరెంటు లేదు. గాలి కిటికీలు ఊపుతోంది. నేను మాత్రం తలుపు తీసి దానకర్ణుడినై కూర్చున్నాను. రండి, ఫోన్లు చార్జి చేసుకోండి, మొహమాటపడకండి! ఫ్యాన్లు తిప్పాను. కేబుల్ తెగిపోయి బొమ్మే రాని టీవీని కూడా, మా ఇంట్లో టీవీ వెలుగుతుందని తెలియడం కోసం, వెలిగించే ఉంచాను. నా 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో పట్టేది మహా అయితే 1.8 యూనిట్లు. కరెంటు బిల్లులో రెండు యూనిట్లు కూడా లేని సంపదకి నేను చక్రవర్తిని!

మధ్యాహ్నం గంటకి 180 కిలోమీటర్ల వేగంతో అద్దాలు పగలగొట్టి, చెట్లని వేళ్లతో సహా పెకలించిన గాలి, ఉన్నట్టుండి ఆగింది. తుఫాను కన్ను ఊరి మీద నుంచి వెళ్లేటప్పుడు కాసేపు అలాగే ఆగుతుందనీ, కన్ను దాటాక రెండో వైపు నుంచి అంత జోరుగానూ కొడుతుందనీ చదువుకున్నవాణ్నే. కానీ నాయకత్వం వహించాలన్న కోరిక ముందు చదువెంత! "అయిపోయింది, రండి, రండి!" అని అరుస్తూ, లుంగీ మీదే మెట్లు దిగి, నష్టం అంచనా వేసే కేంద్ర బృందంలా రోడ్డు మీదికి నడిచి, పడిపోయిన స్తంభం మీద కాలు పెట్టి, ఫోటో తియ్యమని ఎదురింటి కుర్రాడికి ఫోనిచ్చి, నవ్వబోతున్నానో లేదో, మామ్మగారు "లోనికి రా బాబూ!" అని కేకేస్తున్నారో లేదో, దక్షిణం నుంచి గాలి నా నడుం పట్టుకుంది. నేను గేటు పట్టుకున్నాను. లుంగీని ఎవరూ పట్టుకోలేదు. అది భీమిలి వైపు వెళ్లిపోయింది. కుర్రాడు మాత్రం ఫోటో తీశాడు.

రాత్రికి బ్యాటరీ కన్ను మూసింది. దాన్ని మళ్లీ నింపాలన్నా కరెంటే కావాలన్న పరమ రహస్యం అప్పుడు బోధపడింది. ఫోన్లు నిండుగా ఉన్నాయి, సిగ్నల్ లేదు. టవర్లకి బ్యాటరీలూ డీజిలూ ఉండేది కొన్ని గంటలకే. డీజిల్ తెచ్చే బండికి రోడ్డంతా చెట్లే అడ్డం. సంపులో నీళ్లున్నాయి, పైకెక్కించే మోటారు లేవదు. పర్సులో మూడు బ్యాంకుల కార్డులున్నాయి, ఏటీఎంలన్నీ మూత. పాలప్యాకెట్ అమ్మేవాడు చెప్పిందే రేటు, అదీ నోట్లయితేనే. ఒకటి పోతే ఇంకోటి ఉందని నేను మురిసిన ఏర్పాట్లన్నీ ఒకే ఉట్టికి కట్టిన కుండలు. ఉట్టి తెగింది.

ఆ తర్వాతి రోజులు మమ్మల్ని గట్టెక్కించినవి, నేను పాతచింతకాయ పచ్చడని వెక్కిరించినవే. వాచ్‌మన్ తాత సంపు మూత తీసి, బకెట్‌కి తాడు కట్టి, బావిలోంచి తోడినట్టు తోడి పోశాడు. మామ్మగారి ట్రాన్సిస్టర్ రేడియో చుట్టూ అపార్ట్‌మెంటంతా చేరింది. ఫ్రిజ్‌లు పాడవకముందే అన్ని ఇళ్ల కూరగాయలూ ఒకే పెద్ద గిన్నెలో సాంబారయ్యాయి. సందుకి అడ్డంపడ్డ చెట్టుని కుర్రాళ్లే గొడ్డళ్లతో కొట్టారు. నేను నాలుగంతస్తులూ బిందె మోశాను. మామ్మగారు బియ్యం డబ్బాలోంచి పదిరూపాయల నోట్ల కట్ట తీసి అప్పిస్తూ, "రాసుకోనక్కర్లేదులే, ఇన్వర్టర్ ఉన్నోడివి" అన్నారు.

ఇంట్లో కొని పెట్టుకుంటే చాలదన్నది నాకు బిందె బరువుతో తెలిసింది గానీ, మన తీరానికి ఎప్పుడో తెలుసు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన పదివేలమందికి పైగా మింగింది. హుద్‌హుద్ నాటికి ముందస్తు హెచ్చరికలు వినిపించి, లోతట్టు జనాన్ని వేళకి తరలించారు కాబట్టే చావులు పదుల్లో ఆగాయి. చెప్పేవాడున్నాడు, విన్నవాడు బతికాడు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన లైన్‌మెన్లు వేల స్తంభాలు మళ్లీ నిలబెట్టారు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో చేపట్టిన పునరుద్ధరణ ప్రాజెక్టులో, విశాఖ కరెంటు తీగల్ని భూమిలోకి దించే పని కూడా చేర్చారు. ఊరు పాఠం నేర్చుకుంది.

మరి నేను? నేర్చుకున్నాను. వెంటనే పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము కొన్నాను. కొన్నాళ్లు నీళ్లు నింపాను. ఇప్పుడందులో చలికాలం రగ్గులున్నాయి. టార్చి ఉంది, బ్యాటరీలు పిల్లల బొమ్మకారులో ఉన్నాయి. అప్పట్లో కనీసం పర్సులో కార్డులుండేవి, ఇప్పుడు పర్సే లేదు. కొత్తిమీర కట్టకి కూడా ఫోనే చూపిస్తున్నాను. ఉట్టి అదే, కుండలు పెరిగాయి. మీ సంగతీ ఇంతేనని నాకు తెలుసు, దాచకండి.

అందుకే ఈ రాత్రే వెయ్యి రూపాయలకి చిన్న నోట్లు బియ్యం డబ్బాలో వేద్దామని గట్టిగా నిర్ణయించుకున్నాను. మా ఆవిడ మాత్రం, ఆ డబ్బా సంగతి నాకు చెప్పనని ఒట్టేసుకుందట.