బాబేడండీ?

పద్దెనిమిదో పుట్టినరోజు కేకు కోయగానే ఆటిజం దానంతటదే మాయమైపోతుందని కనిపెట్టిన ఘనత మనదే. వైద్యశాస్త్రం ఇంకా ఒప్పుకోలేదు గానీ మన థెరపీ సెంటర్లు, స్పెషల్ స్కూళ్ళు, ప్రభుత్వ భవిత కేంద్రాలు ఎప్పుడో ఒప్పేసుకున్నాయి. లేకపోతే పెద్దయిన ఆటిజం మనిషికి వీటిలో ఎక్కడో ఒక కుర్చీ వేసి ఉండేవాళ్ళు కదా!

కుర్చీ అంటే గుర్తొచ్చింది. మా మేనల్లుడికి ఇరవై ఆరేళ్ళు. ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ, నిండు మీసం. ఆమధ్య అక్కా నేనూ వాణ్ణి ఒక థెరపీ సెంటర్‌కి తీసుకెళ్ళాం. గోడ నిండా ఛోటా భీమ్. రిసెప్షన్‌లో అమ్మాయి మా వెనక్కి తొంగి చూసి, "బాబేడండీ?" అంది. బాబు ఆమె ఎదురుగానే పసుపుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నాడు. చేతికి ఫారం ఇచ్చింది. నెలలు నిండి పుట్టాడా? మెడ ఎన్నో నెలలో నిలిపాడు? అక్క ఇరవై ఆరేళ్ళు వెనక్కి వెళ్ళి అన్నీ ఓపిగ్గా రాసింది. అప్పుడు వయసు గడి చూసి ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "పద్నాలుగేళ్ళ దాకానేనండీ. చిన్నప్పుడే తీసుకురావాల్సింది" అంది. తెచ్చాం తల్లీ. ఈ గదికే తెచ్చాం. అప్పట్లో గోడమీద మిక్కీ మౌస్ ఉండేది.

అసలు తప్పంతా పిల్లలదే. పెరుగుతారు. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం గురించి వ్యాసం రాసినప్పుడు అందులో మొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్. ఆ పెద్దమనిషీ ఇదే తప్పు చేశాడు. పెరిగి, మిసిసిపీలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో బ్యాంకు ఉద్యోగం చేసి, కారు నడిపి, గోల్ఫ్ ఆడి, 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. ఊరు ఊరంతా కనిపెట్టుకుని ఉందట. అన్నట్టు, ఆ బ్యాంకు వాళ్ళ అమ్మ పుట్టింటివాళ్ళు పెట్టిందే. కాబట్టి ఆటిజం ఉన్న కొడుకు పుట్టిన తెలుగు దంపతులకు నా ఉచిత సలహా: స్పీచ్ థెరపీ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఒక బ్యాంకు పెట్టుకోండి.

బ్యాంకు లేనివాళ్ళకు చట్టం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించి, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం పక్కన పెట్టింది. మూడు శాతాలు మూడు వర్గాలకు పోగా మిగిలిన ఆ ఒక్క శాతాన్నీ ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం పంచుకోవాలి. పంక్తి చివర ఐదుగురిని కూర్చోబెట్టి, ఒక్క లడ్డూ వడ్డించి, "సర్దుకోండి బాబూ" అన్నట్టు.

ఆ లడ్డూ వాసన చూడాలన్నా ముందు వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ కావాలి. ఆటిజాన్ని తూచడానికి మన దేశం 40 ప్రశ్నల తూనిక ఒకటి చేసుకుంది. 70 తూగితే 40 శాతం వైకల్యం, అంటే గట్టెక్కినట్టు. ఏమీ రానివాడే ఫస్టు ర్యాంకు కొట్టే పరీక్ష ఇది. మా అక్క ఇరవయ్యేళ్ళు కష్టపడి వాడికి నేర్పినవి కొన్ని ఉన్నాయి: చొక్కా గుండీలు, సైకిల్, కుక్కర్ మూడో విజిల్ వేయగానే స్టవ్ ఆపేయడం. సదరం క్యాంపుకి వెళ్ళే ముందురోజు రాత్రి దేవుడికి దీపం పెట్టి, రేపు ఒక్క పది నిమిషాలు వీడు ఇవన్నీ మరిచిపోవాలని మొక్కుకుంది. దేవుడు వినలేదు.

"వంటింట్లో సాయం చేస్తాడామ్మా?"

"మూడో విజిల్‌కి స్టవ్ ఆపుతాడు సార్." అక్కకి అబద్ధం చేతకాదు.

"మరింకేం! బాగానే ఉన్నాడు కదా" అంటూ క్యాంపు డాక్టరు ఏదో రాసుకున్నాడు. అన్నం ఉడికినా ఉడక్కపోయినా, ఇల్లు అంటుకుపోతున్నా మూడో విజిల్ దాకా వాడు అక్కణ్ణుంచి కదలడన్న సంగతి చెప్పే లోపల తర్వాతి టోకెన్ పిలిచారు. చివరికి చేతికొచ్చింది తాత్కాలిక సర్టిఫికెట్. ఐదేళ్ళ తర్వాత మళ్ళీ చూపించాలట. తగ్గుతుందేమోనని కాబోలు.

అదే వారం బ్యాంకుకి వెళ్తే వాళ్ళు వేరే పాట పాడారు. "ఆయన మేజర్ కదమ్మా, సంతకం ఆయన్నే పెట్టమనండి." థెరపీ సెంటర్లో బాబు, బ్యాంకులో ఆయన! మధ్యలో ఎక్కడా వాడికి ఇరవై ఆరేళ్ళ కుర్రాడిగా బతికే అవకాశం లేదు. పద్దెనిమిది నిండాక కన్నతల్లి కూడా చట్టం కళ్ళకి పరాయిదే. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టరు పెద్దగా ఉండే స్థానిక కమిటీ ముందు దరఖాస్తు పెట్టుకుని, తన కొడుక్కి తాను సంరక్షకురాలినని కాగితం తెచ్చుకోవాలి.

ఆ ట్రస్టుకే పెద్దవాళ్ళు కలిసి ఉండే ఇళ్ళ పథకం ఒకటుంది, దాని పేరులో ఘరౌందా అనే మాట ఉంది. హిందీలో ఆ మాటకి పిల్లలు ఇసుకలో కట్టుకునే బొమ్మరిల్లు అని అర్థం. పేరు పెట్టినవాడు నిజాయితీపరుడు.

చుట్టాల దగ్గర మాత్రం ఏ కాగితమూ అక్కర్లేని పథకం సిద్ధంగా ఉంటుంది: "పెళ్ళి చేసేయండి, అదే సర్దుకుంటుంది." సర్దుకోవాల్సింది ఎవరి కూతురో వాళ్ళు చెప్పరు. ఏటా ఏప్రిల్ 2న, ఆటిజం అవగాహన దినమని, ఊళ్ళో భవనాలకు నీలం దీపాలు పెడతారు, వేదికమీద వీళ్ళంతా దేవుడి బిడ్డలంటారు. ఆ దేవుడు ఇంతవరకూ ఏ కలెక్టరాఫీసులోనూ సంరక్షకుడిగా దరఖాస్తు పెట్టుకున్న దాఖలా లేదు.

పోయిన నెల అక్కకి పిత్తాశయం ఆపరేషన్. మూడంటే మూడు రోజులు వాణ్ణి ఉంచుకునే చోటు కోసం ఫోన్లు చేశాను. ఒకచోట ఆడపిల్లల్నే తీసుకుంటారు. ఇంకోచోట శాశ్వతంగా వదిలేస్తేనే, అదీ లక్షల్లో డిపాజిట్ కడితేనే. విసుగొచ్చి ఒక వృద్ధాశ్రమాన్ని అడిగితే అరవై నిండాలన్నారు. ఇంకో ముప్పై నాలుగేళ్ళు ఓపిక పట్టాలన్నమాట.

నేనే వెళ్ళి ఉన్నాను. మొదటిరోజు మధ్యాహ్నం అన్నం, కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చి కంచంలో పెట్టాను. వాడు రాలేదు. వంటింట్లో, వెలిగించని స్టవ్ దగ్గర, నాబ్ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. బతిమాలాను, కసిరాను కూడా. గంట దాటింది. ఆస్పత్రి నుంచి అక్క ఫోన్ చేసింది.

"కుక్కర్ పెట్టావా?"

"అన్నం బయటినుంచి తెచ్చానే."

"తెస్తే తెచ్చావు, కుక్కర్ పెట్టు. ఉత్త నీళ్ళు పోసి పెట్టు."

పెట్టాను. మూడో విజిల్‌కి స్టవ్ ఆపేసి, చేతులు కడుక్కుని వచ్చి, చల్లారిపోయిన అన్నం ముందు కూర్చున్నాడు.