మాజీగారి పాడి

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్‌ను వదలడని మా పెద్దలు అనేవాళ్లు. 1908లో మూసీ ఊరిని ముంచేసి పోతే, మళ్లీ ఆ గతి పట్టకుండా అడ్డుకట్ట వేసి 1920లో సిద్ధం చేసిన చెరువది. తరాల పాటు ఆ నీళ్ల గుణం మారలేదు. ఈమధ్యే ఏదో తేడా వచ్చింది. ఆ గట్టు మీద నాలుగు ఆదివారాలు వరసగా కూర్చున్నవాళ్లు హైదరాబాద్‌ను వదలడం లేదు గాని, ఉద్యోగాన్ని వదిలేస్తున్నారు.

అట్లా వదిలినవాళ్లు అజీజ్‌నగర్ నుంచి చేవెళ్ల దాకా ఫర్లాంగుకొకరు తగులుతారు. ఒకాయన పుట్టగొడుగులు, ఒకాయన గానుగ నూనె, ఒకావిడ పాలీహౌస్‌లో జెర్బెరా పూలు. అందరూ తమను తాము పరిచయం చేసుకునేది ఒకే మాటతో: మాజీ సాఫ్ట్‌వేర్. అందుకే నేను వాళ్లకు మాజీలని పేరు పెట్టుకున్నాను. మాజీ ఎమ్మెల్యేకు పెన్షనుంటుంది. ఈ మాజీలకు ఉండేది పేడ.

మా ఇంటికి పాలు పోసే మాజీగారికి నలభై దాటలేదు. నానక్‌రామ్‌గూడ అద్దాల మేడలో పన్నెండేళ్లు చేసి, నుదుటి మీది జుట్టంతా అక్కడే అప్పజెప్పి వచ్చాడు. కంపెనీ వార్షికోత్సవానికిచ్చిన టీషర్టులు ఆరు మిగిలాయి. ఇప్పుడు వాటితో పొదుగు తుడుస్తాడు. మొన్న చూశాను, ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న అక్షరాలు సరిగ్గా గౌరి అనే ఆవు పొదుగు కింద ఆడుతున్నాయి.

2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు కుర్రాళ్లు వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు మాజీగారికి రోషం పొడుచుకొచ్చింది. బతకడానికి పనా, పని కోసం బతుకా అని ఇంట్లో ఒక పూట ఉపన్యాసమిచ్చి, పొద్దున కాగితం పెట్టేశాడు. అప్పటికే షాబాద్ కథ కంఠస్థం. ఇంటెల్‌లో ఉద్యోగం వదిలి వచ్చి పాల డెయిరీ పెట్టి నిలబెట్టిన కిశోర్ ఇందుకూరి కథ ఈ మాజీలకు సుందరకాండ. సముద్రం దాటడం, సీతమ్మ కనబడటం బాగా చదువుతారు. నడుమ తోకకు నిప్పంటుకునే సర్గ మాత్రం చప్పున తిప్పేస్తారు.

భూమి కొనడం అయ్యే పని కాదు. గండిపేట, దాని జంట చెరువుల నీళ్లు చెడకుండా 1996లో తెచ్చిన 111 జీవో 84 ఊళ్లలో కట్టడాలకు పగ్గం వేసింది కాబట్టే ఇక్కడింకా గడ్డి మొలుస్తున్నది. అయినా ఆ జీవో ఎత్తేస్తారట అన్న మాట గాలికి వచ్చినప్పుడల్లా ఎకరం ధర గంతేస్తుంది. మాజీగారు మొయినాబాద్ అవతల ఎకరన్నర కౌలుకు తీసుకుని, నాలుగు గిర్ ఆవులను కట్టేశాడు. రెండు పాలిస్తాయి, ఒకటి వట్టిపోయింది, ఒకటి ఎప్పుడూ ఆలోచనలో ఉంటుంది.

మొదటి రోజు పాలు పిండేటప్పుడు నేనక్కడే ఉన్నాను. ఒక చేతిలో చెంబు, ఒక చేతిలో ఫోను. పిండిన ప్రతి పావులీటరూ ఎక్సెల్‌లో ఎక్కాలి. గౌరి కాళ్లు ఎడం పెట్టి, కళ్లు అర్ధనిమీలితం చేసి, ఒక్క చుక్క చేపలేదు. కొట్టం చూసుకునే తాత తట్ట కింద పెట్టి వచ్చాడు.

“సారూ, గా ఫోను జేబుల వెట్టు. అది నీ లెక్కలు జూసి చేపుతదా? ముందుగాల దూడను ఇడువు.”

దూడ వచ్చి పొదుగును నాలుగు కుమ్ములు కుమ్మింది. చన్నుల్లోకి పాలు దిగాయి. దూడను లాగి కట్టేసి తాత కూర్చున్నాడు. అడుగున సుయ్యిమని మోగిన చెంబు, నురుగు లేస్తున్నకొద్దీ గొంతు తగ్గించుకుంది. మాజీగారు ఫోను జేబులో పెట్టుకోవడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

పని గంటల లెక్క నేను వేసి చూపించాను. తెల్లారగట్ల నాలుగుకు లేస్తాడు, రాత్రి ఎనిమిదికి ఆఖరి చొప్ప వేస్తాడు. రోజుకు పదహారు గంటలు, ఏడు రోజులు, 112. ఆవుకు ఆదివారముండదు.

“అది పని కాదన్నా, జీవితం,” అన్నాడు.

“మరి సెలవెప్పుడు?”

“గౌరి వట్టిపోయినప్పుడు,” అని ఆవులించాడు.

ఒక్క మేనేజరుతో పడలేక బయటికొచ్చినవాడికి ఇప్పుడు పద్నాలుగు మంది. పద్నాలుగు లీటర్ల పాలు, గండిపేట, కోకాపేటల్లో పద్నాలుగు ఫ్లాట్లు. ఆరుంబావుకల్లా వాట్సాప్ మొదలు. మీగడ పలచబడిందేం? ఊరెళుతున్నాం, మూడు రోజులు వద్దు. వద్దన్నది మనకు, ఆవుకెవరు చెప్పాలి? ఆ పద్నాలుగింట్లో ఒకటి పాత మేనేజరుగారిదే. మొదటి నెల ముగిశాక ఆయన పంపిన సందేశాన్ని మాజీగారు నాకు చదివి వినిపించాడు: ‘పాలు బాగున్నాయి. ఇంకా మెరుగుపడే అవకాశముంది.’ పన్నెండేళ్లూ అప్రైజల్‌లో వచ్చింది అక్షరం పొల్లుపోకుండా ఇదేనట.

లీటరు 120 రూపాయలకు పోస్తాడు. తవుడు, పత్తి చెక్క, కౌలు, తాత జీతం, డీజిలు కలిపితే లీటరుకు 131 పడుతున్నదని ఆ ఎక్సెల్లే చెప్పింది. మిగతా పదకొండు ఎక్కడివంటే, మాజీగారి భార్య ఇంకా మాజీ కాలేదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆమె రాత్రి కాల్స్‌లో కూర్చుంటే ఇక్కడ ఆవులు నెమరేస్తాయి. ఆరోగ్య బీమా కూడా ఆమె కంపెనీదే. స్వేచ్ఛ గురించి మాజీగారు మాట్లాడుతున్నంతసేపూ ఆమె నవ్వుతూనే ఉంటుంది. ఆ నవ్వుకు అర్థం అడిగే ధైర్యం నాకు లేదు.

తాత మాత్రం స్వయం ఉపాధి అన్న మాట విని కొంచెంసేపు ఆలోచించాడు. “మా నాయన గూడ గదే జేసిండు సారూ. మేం దాన్ని బర్లు కాసుడు అంటుంటిమి,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “మా మనుమడు ఇంజినీరింగ్ అయిపాయె. మీ పాత ఆఫీసుల జర జాగ జూడరాదు?” మాజీగారు అప్పటికప్పుడు మనుమడి బయోడేటాను పాత మేనేజరుగారి ఫ్లాటుకు పంపాడు, పాల లెక్కతో పాటు.

మొన్న శుక్రవారం చిలుకూరు గుడికి వెళ్లాను. అమెరికా వీసా కోసం ఒకప్పుడు మాజీగారు పదకొండు ప్రదక్షిణలు చేసింది ఇక్కడే, వచ్చాక 108 చెల్లించిందీ ఇక్కడే. ఉద్యోగం మానడానికి ధైర్యమివ్వమని ఇంకో పదకొండు కూడా. హుండీ లేని దేవుడు కనుక అడగడానికి మొహమాటముండదు. చూస్తే మళ్లీ తిరుగుతున్నాడు, చెప్పుల్లేకుండా, చెమటలు కక్కుతూ, పక్కన తాత మనుమడు.

“మళ్లీ ఏమొచ్చిందన్నా?”

“గౌరికి రెండుసార్లు సూది వేయించినా చూలు నిలవలేదు,” అన్నాడు ఆగకుండా.

మనుమడు ఉద్యోగానికి. ఇద్దరిదీ ఏడో చుట్టు. అంకెలు కొట్టేసుకునే కాగితాలు చెరొకటి ఉన్నాయి, పెన్ను ఒక్కటే. మూల మలుపు దగ్గరికి రాగానే కుర్రాడు చేయి చాచాడు.

“సార్, పెన్ను.”