ఇల్లమ్మినోడే అప్పులోడు!

సిద్దిపేటలో అప్పుల్లో మునిగినవాడికి రెండు దారులు: ఇల్లమ్మి బాకీలన్నీ తీర్చడం, లేదా కోర్టులో ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టడం. మొదటి దారి పట్టినవాడు హోటల్లో అడుగు పెడితే చాలు, చాయ్ రాకముందే "పాపం, ఇల్లు పాయె" అంటారు. వాళ్లలో అందరికంటే పెద్ద గొంతు ఎవరిదంటే, నిన్ననే వడ్డీతో సహా లెక్కపెట్టి జేబులో వేసుకున్నాయనది.

ఐపీ పెట్టినవాడి దర్జాయే వేరు. కోర్టు నోటీసు అందుకునేదీ, వకీలును వెతుక్కునేదీ అప్పిచ్చినవాళ్లే. ఇల్లంటారా? అది ఎప్పుడో బావమరిది పేరుకు మారింది. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో జరిగిన ఉత్తుత్తి బదలాయింపులను కోర్టు రద్దు చేయొచ్చని చట్టం. అందుకే తెలివైనవాడు మూడేళ్ల ముందే దివాలా తీస్తాడు, మనకు తర్వాత చెబుతాడు.

ఆ చట్టం 1920 నాటిది. దాని ప్రకారం అయిదు వందల అప్పు ఉన్నా దివాలాకు అర్హత వచ్చినట్టే. పిల్లల్ని ఊళ్లోని కోమటిచెరువు కాడికి తిప్పుకొస్తే ఆ అయిదు వందల ముచ్చటా తీరుతుంది! కొత్త దివాలా స్మృతి 2016లో వచ్చింది, సిద్దిపేట జిల్లా పుట్టిన ఏడే. జిల్లా నడుస్తోంది. స్మృతి మాత్రం కంపెనీల దాకా, వాటికి పూచీ పడ్డవాళ్ల దాకా వచ్చి ఆగింది. మామూలు మనిషికి ఇంకా తెల్లదొరల కాగితమే.

ఇల్లమ్మినాయన ఇప్పుడు కిరాయి ఇంటికి తిరుగుతున్నాడు. ఓనరు ఆరు నెలల అడ్వాన్సు అడిగాడట. ఎందుకంటే, "నీకు అప్పులున్నయని విన్న" అన్నాడట.