మూడో దగ్గు

నెల్లూరు తీరంలో కావలి మొదలు కృష్ణపట్నం దాకా రొయ్యల గుంట లేని ఊరైనా కనిపించవచ్చునేమో గాని, కర్ణాటక సంగీతపు పాత రికార్డులు కూడబెట్టే పెద్దమనిషి లేని ఊరు అరుదు. ఈయన పాడడు, వాయించడు, ఒక విధంగా చూస్తే వినడు కూడా. లక్కతో చేసిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను ప్లేట్లను, ఆ తరువాతి స్పూలు టేపులను, క్యాసెట్లను వెదకి పట్టి, వాటి గురించి వాదించడమే ఈయన సాధన.

మద్రాసు మూడు గంటల రైలు దూరంలో ఉండడం ఈ వర్గానికి కలిసివచ్చింది. అయితే అక్కడ పాత ప్లేట్లు దొరికే మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. బేరం కుదిరి, బయానా కూడా ఇచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్ ప్లేటు ఆ మంటల్లోనే పోయిందని ఈయన నేటికీ ప్రతి పెళ్లిపందిట్లోనూ వాపోతాడు, కాకపోతే అందులోని రాగం పెళ్లికొకటిగా మారుతుంటుంది. మిగిలిన సంపదను ఉప్పుగాలి తినేయకుండా టేపులు బీరువా ఎక్కగా, ఇల్లాలి పట్టుచీరలు ట్రంకుపెట్టెలోకి దిగాయి.

పది అంగుళాల ప్లేటు ఒక వైపున మూడు నిమిషాలకు కాస్త పైగా మాత్రమే పట్టేది కనుక విద్వాంసులు కృతిని కుదించి, పరుగులో పాడవలసి వచ్చేది. ఈయన ఆ పరుగునే అసలైన పాత బాణీగా నిర్ధారిస్తాడు. పైగా నాటి ప్లేట్లన్నీ సరిగ్గా 78 చుట్ల వేగంతో ముద్రించినవి కావు. యంత్రం కాస్త వేగంగా తిరిగితే శ్రుతి, అంటే గాయకుడు ఆధారంగా పెట్టుకున్న షడ్జమం, పైకి పోతుంది. గాయకుడు జి.ఎన్.బాలసుబ్రహ్మణ్యం శ్రుతి విషయంలో అర మెట్టు తేడా వచ్చి, వియ్యమందవలసిన రెండు కుటుంబాలు విడిపోయాయని చెబుతారు. అతిశయోక్తి కావచ్చును, నమ్మశక్యం కానిది మాత్రం కాదు.

సభలో ఎవరో పట్టిన టేపుల మీద తేదీ ఉండదు. అప్పుడు ఈయనకు ఆధారం శ్రోతల దగ్గు. అతిథి పల్లవికి తల ఊపబోయేసరికి “ఉండబ్బయా, పాటకేం, మళ్లీ వినొచ్చు, ఈ దగ్గు విను” అని టేపు వెనక్కి తిప్పుతాడు. పల్లవి, అనుపల్లవి, చరణం అనే మూడు అంగాలుండే కృతిలో చరణాన్ని ఆ ఇంట్లో విన్నవారు లేరు.

ఈయన క్యాసెట్టు బయటికివ్వడు, ఇస్తే తిరిగిరాదంటాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు: ప్రస్తుత వ్యాసకర్త వద్ద ఒకటి పదకొండేళ్లుగా ఉండిపోయింది. అందులోని మూడో దగ్గు శ్రోతదా, మృదంగ విద్వాంసునిదా అన్నది తేలగానే తిరిగి ఇవ్వబడుతుంది.