అరకు వెళ్తున్నారా? ముందు నన్నడగండి

అరకు ఒక్కసారి వెళ్ళొచ్చినవాడు కూడా సలహాలిస్తున్నాడు. నేను పదకొండుసార్లు వెళ్ళాను, కాబట్టి మిగతావాళ్ళ మాట పక్కన పెట్టి నేను చెప్పేది వినండి.

వెళ్తే కార్తీకమాసంలో ఆదివారమే వెళ్ళండి. విశాఖపట్నంలో సగం ఊరు ఆ రోజే కొండెక్కుతుంది. తెలిసిన మొహం ఒక్కటీ కనపడని చోటికి వెళ్ళి ఏం చేస్తాం? అనంతగిరి ఘాట్ మలుపుల్లో బండి వెనక బండి ఆగిపోయినప్పుడు హారన్ మీంచి చెయ్యి తియ్యకండి. కొండ కాస్త పక్కకి జరుగుతుందేమో చూద్దాం.

కారు లేనివాళ్ళకి కిరండూల్ రైలుంది. ఆ పట్టాలు వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి. మనలాంటి సరుకు తరవాత ఎక్కింది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. అరకు లోపు ఎన్నొస్తే అన్నింట్లోనూ అరవాలి. మా పిల్లలు ఇరవయ్యోదానికే గొంతు పోయి చతికిలబడ్డారు, ఇంటి దగ్గర సాధన చేయించకపోవడం నా తప్పే. సొరంగానికీ సొరంగానికీ మధ్య కిటికీలోంచి లోయ అడ్డొస్తుంది. ఆ ఖాళీలో పులిహోర పొట్లాలు విప్పుకోవచ్చు.

బొర్రా గుహల్లో సున్నపురాతి కప్పు నుంచి నీరు బొట్టుబొట్టుగా కారి, కారి, వేల ఏళ్ళకి వేళ్ళలా, ఊడల్లా దిగింది. అంత నిదానంగా పెరిగే రాయి కనకే పేరు చెక్కుకోవడానికి అంత నమ్మకమైన చోటు ఇంకోటి లేదు. బండి తాళంచెవి చాలు. బయట కోతులుంటాయి. చిప్స్ పొట్లం చింపి పెట్టాలని శ్రమపడకండి. అవే తీసుకుని చింపుకుంటాయి.

అక్కణ్నుంచి కటికి జలపాతం. తిన్న కవర్లన్నీ అక్కడే నీళ్ళలో వదిలేయండి. ఆ నీరు గోస్తనిది. గోస్తని తాటిపూడి జలాశయానికి వెళ్తుంది, తాటిపూడి నీళ్ళు విశాఖ కుళాయిల్లోకి వస్తాయి. అంటే మన సామాను మనకంటే ముందే ఇంటికి చేరుతుందన్నమాట. కూలీ ఖర్చు లేదు.

చాపరాయి దగ్గర బండరాయి చాప పరిచినట్టుంటుంది, దాని మీద నీరు జారుతుంటుంది. పాకుడు ఉంటుంది జాగ్రత్త అని ఎవరైనా చెబితే, వాళ్ళకి ఈత రాదని అర్థం. హెచ్చరిక బోర్డు తడి చొక్కా ఆరేసుకోవడానికి బాగుంటుంది.

తిండి సంగతి. బొంగు చికెన్ అడగండి. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకుతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. బొంగులో ఊరే తడితోనే ముక్క ఉడుకుతుంది. అందుకే మేం సీసాడు నూనె వెంట తీసుకెళ్ళి పోయించాం. కాల్చేవాడు మొహం అదోలా పెట్టాడు, బహుశా పొగ వల్ల కావచ్చు. కాఫీ కూడా ఇంటినుంచే, మూడూ కలిసిన పొడి పొట్లాలు. అక్కడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటారు గానీ, అలవాటైన రుచి వదులుకోవడం ఎందుకు? కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగలు పాకి ఉంటాయి. గుత్తులు కోసుకోండి. అడవే కదా, ఎవరిదీ కాదు. చెట్లు అంత వరసగా ఎలా మొలిచాయో మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంత నచ్చిన చోట ఓ రెండు సెంట్లు కొనుక్కోవాలనిపించడం సహజం. మా బావగారికీ అనిపించింది. ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి రాదు, ఒకటీ బై డెబ్భై చట్టం ఉందని టీ కొట్టతను చెప్పాడు.

‘‘ఎవరో ఒకరి పేరు మీద రాయించుకుంటే సరిపోదా?’’ అన్నారు బావగారు.

అతను ఏమీ అనలేదు. బావగారి ముందున్న గ్లాసు తీసేసుకుని కడగడం మొదలెట్టాడు. అందులో ఇంకా సగం టీ ఉంది. పర్యాటకుల్ని ఎలా చూసుకోవాలో వీళ్ళకి ఎవరైనా నేర్పాలి.

ఇక అసలు సంగతి, వలిసె పూలు. చలికాలం మొదలయ్యేసరికి లోయంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. గట్టు మీద నిలబడి తీసిన ఫొటోలో అందం రాదు, చేను మధ్యకి వెళ్ళాలి. మొత్తం పదకొండుమందిమి దిగాం. మొక్కలు నడుం దాకా వచ్చి అడ్డం పడుతుంటే కాస్త తొక్కి, చదును చేసుకుని నిలబడ్డాం. ఒక ముసలామె గట్టు మీంచి పరుగున వచ్చింది.

‘‘తొక్కీకండి బాబూ, నూనె గింజలవి. పువ్వు రాలిపోతే గింజేటుంటాది?’’

మనిషికి ఇరవై ఇవ్వమంది. పదకొండుమందికి కలిపి వందకి బేరమాడాను. గట్టిగా అడిగితే తగ్గుతారు, గుర్తుంచుకోండి. ఆమె నోటు కొంగున ముడేసుకుని మా వెనక్కి వెళ్ళింది.

ఆ ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టుకున్నాం. అందరం బాగా పడ్డాం. ఎడమవైపు మూల మాత్రం ఆమె వంగి, పడిపోయిన మొక్కల్ని ఒక్కోటీ లేపి నిలబెడుతూ కనపడుతోంది. ఆ ముక్క కత్తిరించమని స్టూడియోలో అడిగాను. కత్తిరిస్తే బావగారి భుజం కూడా పోతుందన్నాడు. ఉంచేశాం.